చుబుకం నున్నగా, చెంపలు గుబురుగా

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యాన్ని నడిపిన జనరల్ ఆంబ్రోజ్ బర్న్‌సైడ్ 1862 డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఘోరంగా ఓడిపోయాడు. ఆ ఓటమి చరిత్ర చదివేవాళ్లకే గుర్తు. అతని చెంపల మీది వెంట్రుకలకు వచ్చిన పేరు మాత్రం ఇవాళ మన సెలూన్లలోనూ వినిపిస్తుంది. బర్న్‌సైడ్స్ అన్న మాటే తిరగబడి సైడ్‌బర్న్స్ అయింది.

బర్న్‌సైడ్‌కు చెవుల ముందు నుంచి దిగిన గుబురు బుగ్గల మీదుగా వచ్చి మీసంలో కలిసిపోతుంది. చుబుకం మాత్రం నున్నగా ఉంటుంది. ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్‌దీ ఇదే వరస. చూడ్డానికి పెంచిన గడ్డమే గానీ, నిజానికిది రోజూ గీయాల్సిన గడ్డం. వెంట్రుక రోజుకు మిల్లీమీటరులో దాదాపు మూడో వంతు పెరుగుతుంది కాబట్టి రెండు రోజులు వదిలేస్తే హద్దు చెరిగిపోతుంది. పైగా గీయాల్సింది కష్టమైన చోట. చుబుకం గుండ్రంగా ఉంటుంది, దాని కింద వెంట్రుకలన్నీ ఒకే వైపు వాలవు.

జిల్లెట్ రేజరుకు పేటెంటు వచ్చింది 1904లో. అంతవరకూ చాలామందికి మంగలికత్తే దిక్కు. దాన్ని తోలుపట్టీ మీద సాపుచేసి, వేడినీళ్లతో వెంట్రుక నానబెట్టి, చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో పట్టాలి. వాలు పెరిగితే చర్మం తెగుతుంది, మరీ తగ్గితే వెంట్రుకను పీకుతుంది. అసలు చిక్కు హద్దు దగ్గరే. కుడి ఎడమలు సమం చేద్దామని అటు కాస్త, ఇటు కాస్త గీస్తూ పోతే గుబురు సన్నబడిపోతుంది. అది మళ్లీ నిండడానికి వారాలు పడుతుంది.

1888లో జర్మనీ గద్దెనెక్కిన రెండో విల్‌హెల్మ్‌ది ఇంకో తంటా. కొనలు నిటారుగా పైకి లేచిన కోరమీసం అతనిది. తీర్చిదిద్దింది ఆస్థాన క్షురకుడు ఫ్రాంసువా హాబీ. దానికి పెట్టిన పేరుకు జర్మన్‌లో ‘సాధించాం’ అని అర్థం. మీసానికి అంత మాటా!

వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రొటీన్ గొలుసులను హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. తడిపితే అవి వీడిపోతాయి, ఆరితే కొత్త ఆకారంలో మళ్లీ ముడిపడతాయి. అందుకే మీసం తడిపి, పైకి దువ్వి, చెవులకు తగిలించే గుడ్డపట్టీ కట్టి ఆరనిచ్చేవారు. గాలిలో చెమ్మ ఎక్కువైతే ఆ పట్టు సడలుతుంది. అప్పుడు మైనం కావాలి. హంగేరీ పేరుతో అమ్మిన పొమేడులో, అంటే మీసానికి పూసే ముద్దలో, తేనెమైనం, తుమ్మజాతి జిగురు, సబ్బు ఉండేవి. జిగురొక్కటే పూస్తే ఎండి పొలుసులుగా రాలుతుంది. మైనమొక్కటే అయితే వేడికి వాలిపోతుంది. రెంటినీ కలిపి ఉంచేది సబ్బు.

తేనెమైనం కరిగేది 62–64 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మెత్తబడేది చాలా ముందే. వేడి టీ ఆవిరి చాలు, కొనలు జారిపోతాయి. బ్రిటిష్ సైన్యంలో 1916 దాకా పైపెదవి గీయకూడదన్న నియమం ఉండేది, కాబట్టి ఈ బాధ ఎందరిదో. కుమ్మరులు దీనికి మీసం కప్పు చేశారు. అంచుకు లోపలివైపు చిన్న పలక, అందులో టీ వచ్చే కంత. మీసం పలక మీద ఆనుతుంది, టీ కిందనుంచి వస్తుంది. కప్పు పిడిని కుడిచేత్తో పట్టుకుంటేనే పలక నోటివైపు వస్తుంది. అందుకే ఎడమచేతివాటం వాళ్లకు పలకను అవతలి అంచున పెట్టి వేరే కప్పులు చేశారు. పాత వస్తువులు సేకరించేవాళ్లకు ఇప్పుడు అరుదుగా దొరికేవి అవే.