పగ నుంచి ఊడ్పుల దాకా: కుంగ్‌ఫూ సినిమా నడిచిన దారి

దసరాకి అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా, అంటే కత్తులూ కర్రలతో యుద్ధవిద్యల ఊరేగింపు, చూసినవాళ్లు ఒక విన్యాసాన్ని అంత తేలిగ్గా మరిచిపోరు. ఒకతను నేలమీద వెల్లకిలా పడుకుంటాడు. ఒంటిమీద కూరగాయలు పెడతారు. కళ్లకు గంతలు కట్టుకున్న ఇంకొకతను కత్తి దూస్తాడు. కాయ రెండు ముక్కలవుతుంది, కిందున్న చర్మం మీద గీత కూడా పడదు. కత్తి దించడం ఎవడికైనా వస్తుంది. ఎక్కడ ఆపాలో నేర్పడానికే గురువు కావాలి.

ఆ ఊరేగింపు చూసి ఇంటికెళ్లిన కుర్రాళ్లే సెల్‌ఫోన్లో కుంగ్‌ఫూ సినిమా పెట్టుకుని, ‘వాణ్ణి చంపకుండా వదిలేశాడేంట్రా!’ అని విసుక్కుంటారు. వాళ్లననీ లాభం లేదు. మన మొగల్తూరు చిరంజీవి 1983లో ‘ఖైదీ’తో ఊపేశాక, పగ తీరకుండా శుభం కార్డు వేస్తే మన హాళ్లలో కుర్చీలు మిగిలేవి కావు.

అసలు యుద్ధవిద్యల సినిమా అంటే పగ ఒక్కటే కాదు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగానే, 1943లో, జపాన్‌లో దర్శకుడు కురొసావా తన మొదటి సినిమా ‘సాన్‌షిరో సుగాటా’ తీశాడు. జూడో నేర్చుకుంటున్న కుర్రాడు వీధిలో దొరికినవాణ్ణల్లా చితకబాది వస్తాడు. గురువు చీవాట్లు పెడితే పౌరుషానికి పోయి చెరువులో దూకి, గుంజ పట్టుకుని రాత్రంతా మొండికేస్తాడు. చివరికి నీళ్లలో విచ్చుకున్న తామరపువ్వు కంటబడుతుంది. ఒడ్డెక్కి, క్షమించమంటాడు. అంతే, ఒక్క డైలాగ్ ఎక్కువ లేదు. నా మటుకు నాకు ఈ కోవలో దీన్ని మించిన సీన్ ఇంకోటి లేదు.

హాంకాంగ్‌లో 1949లో వాంగ్ ఫీ హంగ్ అనే కుంగ్‌ఫూ గురువు మీద సినిమాల వరస మొదలైంది. క్వాన్ తక్ హింగ్ వేసిన ఆ గురువు వైద్యుడు కూడా. ముందు మందలిస్తాడు, తప్పనప్పుడే చెయ్యెత్తుతాడు. అలాంటివి డెబ్బైకి పైగా వచ్చాయి.

నెత్తురు తరవాత పారింది. 1967లో చాంగ్ చే తీసిన ఒంటిచేతి కత్తివీరుడి కథలో కూడా హీరో ఆఖర్న కత్తి వదిలి వ్యవసాయానికి వెళ్లిపోతాడు గానీ, జనానికి గుర్తున్నది కత్తే. 1972లో బ్రూస్ లీ ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ వచ్చింది. షాంఘైలో గురువు హువో యువాన్‌జియాకి జపాన్‌వాళ్లు విషం పెట్టించారని తెలుసుకుని శిష్యుడు వాళ్లని వరసపెట్టి చంపుతాడు, చివరికి తుపాకుల ఎదురుగా ఎగురుతాడు. పరాయివాళ్ల కింద నలిగిన జాతి కోపం అది, తీసిపారేయలేం. పైగా పగకి భాష అక్కర్లేదు, డబ్బింగ్ లేకపోయినా అర్థమవుతుంది. తామరపువ్వు ముందు మౌనం అలా ఊళ్లు దాటదు.

చైనాలో కుంగ్‌ఫూకి పేరుపడ్డ షావొలిన్ మఠానికి యుద్ధవిద్య నేర్పింది మన దక్షిణాది బోధిధర్ముడేనని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ కథకి మూలం 17వ శతాబ్దపు పుస్తకం, చరిత్రకారులు ఒప్పుకోరు. అంత దూరం ఎందుకు, పోతన భాగవతం చాలు. నిద్రలో ఉన్న తన కొడుకుల్ని చంపిన అశ్వత్థామని అర్జునుడు కట్టి తెస్తే, ద్రౌపది వదిలేయమంటుంది. నాలా వాడి తల్లి ఏడవకూడదంటుంది. భీముడు ససేమిరా అంటాడు. మన హాళ్లలో ఎప్పుడూ భీముడి పార్టీయే.

2006లో జెట్ లీ ‘ఫియర్‌లెస్’ మళ్లీ ఆ హువో యువాన్‌జియా దగ్గరికే వచ్చింది. 1910లో షాంఘైలో జింగ్‌వు అనే యుద్ధవిద్యల సంఘం పెట్టి ఆ ఏడాదే పోయిన నిజమైన మనిషి ఆయన. ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’లో శిష్యుడు తీర్చుకున్న పగని, ఇందులో గురువే వద్దంటాడు. విషం ఎక్కి ఒరిగిపోతూ కూడా, ప్రత్యర్థి ప్రాణం తీసే దెబ్బని మధ్యలో ఆపేస్తాడు.

అంతకుముందు ఓ ఊళ్లో ఊడ్పుల సీన్ ఉంది. హువో పంతం పట్టి అందరికన్నా ముందు నాటేసి మురిసిపోతాడు. రాత్రి చూపులేని అమ్మాయి చేలో దిగి, ఆ నారంతా పీకి ఎడంగా మళ్లీ నాటుతుంది. సార్వా ఊడ్పుల్లో నడుం వంగిపోయిన మా పెద్దమ్మ ఈ సీన్ దగ్గర ఒక్కసారి టీవీ వంక తిరిగింది. ‘వీడికి ఊడ్పులు రావురా. అలా ఇరికిస్తే పిలకలెక్కడ వేస్తుంది?’