కత్తి ప్రాణే, కానీ కొయ్యలేదు

పండు తిన్నా, చేపను తిన్నా మనకు 'తిన్నాడు' ఒక్కటే చాలు. కెనడాలోని ఆల్బెర్టాలో, అమెరికాలోని మోంటానాలో ఉండే బ్లాక్‌ఫుట్ ప్రజల భాషలో అలా సరిపోదు. అక్కడ నామాలన్నీ వ్యాకరణంలో ప్రాణి, అప్రాణి అని రెండు వర్గాలు. ఊరికే భోంచేస్తే 'ఓయి', తినేది ప్రాణివర్గపు నామమైతే 'ఓవట్', అప్రాణివర్గపుదైతే 'ఓవటో'. క్రియారూపమే మారిపోతుంది.

దీన్ని గ్రంథస్థం చేసినవారిలో ముఖ్యుడు డచ్ పండితుడు ఊలెన్‌బెక్. అంతకుముందు సంస్కృత నిరుక్త నిఘంటువు రాసిన మనిషి! 1910, 1911 వేసవుల్లో మోంటానాలో బ్లాక్‌ఫుట్ ప్రజలకు కేటాయించిన ప్రాంతానికి (రిజర్వేషన్) వెళ్లి, అక్కడి జోసెఫ్ టాట్సీ వంటివారి దగ్గర కూర్చుని కథలు రాసుకున్నాడు. 'నేను అతన్ని చూశాను', 'అతను నన్ను చూశాడు' అనే రెంటికీ క్రియ ముందు 'నేను' గుర్తే వస్తుంది. ఎవరు ఎవర్ని చూశారో తేల్చేది వెనకాల ప్రత్యయం. ఇలాంటివి చూసే కాబోలు, ఉత్తర అమెరికా భాషల సకర్మక క్రియలకు కర్మణి ('చూడబడ్డాడు' తరహా) స్వభావం ఉందని 1916లో వాదించాడు. ఆ వాదం నిలవలేదు. ఆయన బ్లాక్‌ఫుట్ వ్యాకరణం 1938లో వచ్చింది.

ఈలోగా అమెరికన్ భాషావేత్త బ్లూమ్‌ఫీల్డ్, బ్లాక్‌ఫుట్ చేరిన అల్గాంకియన్ భాషా కుటుంబపు క్రియలను నాలుగు తరగతులు చేశాడు. అకర్మక క్రియను కర్తను బట్టి, సకర్మక క్రియను కర్మను బట్టి ప్రాణి, అప్రాణి అని విడదీశాడు. బ్లాక్‌ఫుట్‌కూ అదే చట్రం.

చిక్కల్లా కత్తి దగ్గర వచ్చింది. 'ఇస్టోఆన', అంటే కత్తి, ప్రాణివర్గపు నామం. అంతమాత్రాన వాళ్లు కత్తికి ప్రాణం ఉందనుకుంటారని తేల్చేయడం తొందరపాటు. మనం 'ఆమె వచ్చింది', 'గేదె వచ్చింది' అంటాం. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు 'వచ్చారు', గేదెలు 'వచ్చాయి'. అది మన వ్యాకరణపు లెక్క, ఆడవాళ్ల మీద మన అభిప్రాయం కాదు. అయితే బ్లాక్‌ఫుట్ ఇంకో మెలిక పెట్టింది. కత్తి ప్రాణివర్గమే అయినా 'కత్తి రొట్టెను కోసింది' అనడం కుదరదు. సకర్మక క్రియకు కర్త కావాలంటే సొంత ఇచ్ఛ ఉండాలని 1991లో భాషావేత్త డొనాల్డ్ ఫ్రాంట్జ్ తన బ్లాక్‌ఫుట్ వ్యాకరణంలో చెప్పాడు. కత్తి సాధనంగానే వస్తుంది: 'ఆ కత్తితో ఎవరో కోశారు'.

2010లో భాషావేత్తలు ఎలిజబెత్ రిట్టర్, సారా రోజెన్ మరో అడుగు వేశారు. చాలా భాషల్లో వాక్య నిర్మాణం పని ముగిసిందా, సాగుతోందా అన్నదాని మీద ఆధారపడితే, బ్లాక్‌ఫుట్‌లో ఆ స్థానం ప్రాణిత్వానిదన్నారు. మనం 'తిన్నాడు'ను 'తినేశాడు' చేసి పని పూర్తయిందని చెబుతాం. 'ఓవట్', 'ఓవటో' తేడాకు ఆ సంగతి పట్టదు; తిన్నది ఏ వర్గానిదో చెప్పి ఊరుకుంటుంది.