అమెరికా అధ్యక్షుల మ్యూజియంలు, పిల్లల చదువు, శాశ్వత నిధులు: అపోహలు - వాస్తవాలు

డాలస్‌లోని జార్జి డబ్ల్యూ బుష్ మ్యూజియానికో, కాలిఫోర్నియా సిమీ వ్యాలీలోని రీగన్ లైబ్రరీకో అక్కడి తెలుగు పిల్లలు బడి తరఫున వెళ్లివస్తూనే ఉంటారు. ఆ రోజు బస్సుకు, గైడుకు, చేతికిచ్చే వర్క్‌షీట్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే, తల్లిదండ్రులే కాదు, విరాళాలు ఇచ్చేవాళ్లు కూడా తలోమాట చెబుతారు.

అపోహ: అధ్యక్షుడి పేరుంది కాబట్టి ఖర్చంతా ప్రభుత్వానిదే

సగమే నిజం. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్కులో తన పత్రాలకు, మ్యూజియానికి కలిపి ‘లైబ్రరీ’ పేరుతో విరాళాలతో భవనం కట్టించి ప్రభుత్వానికి అప్పగించాడు. 1941లో దాన్ని తెరిచారు. కట్టడం ప్రైవేటు సొమ్ముతో, నడపడం నేషనల్ ఆర్కైవ్స్ (ప్రభుత్వ పత్రాలను భద్రపరిచే ఫెడరల్ సంస్థ) చేతులమీదుగా అన్న ఈ పద్ధతికే 1955లో చట్టరూపం వచ్చింది.

అందుకే చాలాచోట్ల ఒకే కప్పు కింద రెండు జీతాల పద్దులుంటాయి. పత్రాలు చూసుకునే ఆర్కివిస్టు ఫెడరల్ ఉద్యోగి. పక్క గదిలో టీచర్ల వర్క్‌షాపు ఏర్పాటు చేసే మనిషికి జీతమిచ్చేది లైబ్రరీకి తోడుగా విరాళాలు సేకరించే ప్రైవేటు ఫౌండేషన్ కావచ్చు. 2013 అక్టోబరులో ఫెడరల్ షట్‌డౌన్ (నిధులకు ఆమోదం లేక ప్రభుత్వ కార్యాలయాలు ఆగిపోవడం) వచ్చినప్పుడు నేషనల్ ఆర్కైవ్స్ నడిపే అధ్యక్ష లైబ్రరీలు మూతపడ్డాయి. ఫౌండేషన్ ఖాతాలో ఎంత డబ్బున్నా, తలుపు తీసే గార్డు ఫెడరల్ జీతగాడైతే బడి బుకింగులు రద్దవక తప్పదు.

అపోహ: చట్టం అడిగే ఎండోమెంట్ (శాశ్వత నిధి) పిల్లల కార్యక్రమాలకే

అన్నిటికంటే ఎక్కువగా పాతుకుపోయిన పొరపాటు ఇదే. 1986 చట్టం ఒక షరతు పెట్టింది. లైబ్రరీని ప్రభుత్వానికి అప్పగించేముందు, నిర్మాణానికి, సామగ్రికి అయిన ఖర్చులో 20 శాతానికి సమానమైన శాశ్వత నిధిని కూడా అప్పగించాలి. ఇది మొదట వర్తించింది పెద్ద బుష్‌కు (జార్జి హెచ్.డబ్ల్యూ. బుష్). తర్వాతి సవరణలతో, 2002 జులై తర్వాత తొలిసారి పదవి చేపట్టినవారికి అది 60 శాతమైంది. అంటే 10 కోట్ల డాలర్ల భవనానికి ఆ 10 కోట్లతోపాటు మరో 6 కోట్లు కావాలి. వైశాల్యం 70,000 చదరపు అడుగులు దాటితే ఇంకా పెరుగుతుంది.

ఆ నిధి రాబడిని భవన నిర్వహణకు వాడతారు. కరెంటు, ఏసీ, మరమ్మతులు, శుభ్రత లాంటివన్నమాట. పత్రాల భద్రత, వర్గీకరణ వంటి ఆర్కైవల్ పనులకు వాడకూడదని చట్టంలోనే రాసుంది. ఐదో తరగతి పిల్లల విహారయాత్ర కోసం పెట్టిన నిధి కాదది. భవనం బిల్లు తేలికైతే మిగతా డబ్బుకు ఊపిరాడుతుంది, పిల్లలకు దానివల్ల మేలు ఆమేరకే. చదువు కార్యక్రమాలకు డబ్బు వచ్చే దారులు వేరు: ఫౌండేషన్ దగ్గర ఆ పని కోసమే పెట్టిన నిధులు, ఏటేటా వచ్చే విరాళాలు, టికెట్లు, మ్యూజియం దుకాణం రాబడి, ఫెడరల్ ఉద్యోగుల జీతాల రూపంలో కొంత.

అపోహ: చదువు కార్యక్రమాల నిధిలో 20 లక్షల డాలర్లుంటే ఇక దిగులేముంది?

తిరుమల నిత్యాన్నదానం ట్రస్టు తెలిసినవారికి సూత్రం కొత్త కాదు. అసలు బ్యాంకులో, భోజనం వడ్డీతో. తేడా ఏమిటంటే, ఇక్కడ అసలును షేర్లలో, బాండ్లలో పెడతారు కాబట్టి అది పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అందుకే ఏటా ఎంత తీయాలో బోర్డు ముందే నియమం రాసుకుంటుంది. 4 నుంచి 5 శాతం, అదీ మూడేళ్ల సగటు విలువ మీద తీయడం మామూలు.

లెక్క వేసి చూడండి. మూడేళ్లలో నిధి విలువ 20, 22, 18 లక్షలు అనుకుందాం. సగటు 20 లక్షలు. 4.5 శాతం చొప్పున వచ్చేది 90,000 డాలర్లు. ఆఖరి ఏడాది విలువనే పట్టుకుంటే 81,000 వచ్చేది. సగటు దెబ్బను మెత్తబరిచింది. కానీ మరుసటి ఏడాది మార్కెట్ 18 దగ్గరే ఉండిపోతే, పాత 20 లెక్కలోంచి జారిపోయి సగటు 19.33కు, రాబడి 87,000కు దిగుతుంది. పడిపోయిన ఏడాది ఎవరికీ ఏమీ అనిపించదు, కోత ఆ తర్వాతి సంవత్సరాల్లో కనిపిస్తుంది. ఈ ఆలస్యాన్ని మరిచి కొత్త ఉద్యోగిని తీసుకున్న విద్యా విభాగాలే ఇబ్బంది పడతాయి. ఒక విద్యాధికారి జీతం, ఆరోగ్య బీమా, పన్నులు కలిపితే ఆ 90,000లో మిగిలేది కొంచెమే. బస్సు అద్దె 600 డాలర్లనుకుంటే, 12,000 మిగిలినా 20 బస్సులే.

నిధి విలువ దాత ఇచ్చిన మొత్తం కంటే కిందికి పోతే? 1972 నాటి పాత నమూనా చట్టం (రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకునేందుకు రాసిచ్చిన ముసాయిదా) ప్రకారం అప్పుడు ఖర్చు దాదాపు ఆపేయాల్సిందే. 2006 నమూనా చట్టం వచ్చాక వివేకంతో కొంత తీయవచ్చు. పెన్సిల్వేనియా తప్ప అన్ని రాష్ట్రాలూ దాన్ని అనుసరించాయి. ఏడాదిలో 7 శాతం మించి తీస్తే అవివేకంగా ఖర్చుచేసినట్టే లెక్క అని కొన్ని రాష్ట్రాలు అదనంగా రాసుకున్నాయి.

ఇక పిల్లల కార్యక్రమాల కోసం ప్రత్యేకంగా కట్టే గదుల సంగతి. మిసోరీలోని ఇండిపెండెన్స్‌లో ట్రూమన్ లైబ్రరీ 2001 నుంచి వైట్‌హౌస్ డెసిషన్ సెంటర్ నడుపుతోంది. పిల్లలు అధ్యక్షుడూ సలహాదారులూ అయి, ఒకప్పటి రహస్య పత్రాలు చదివి కొరియా యుద్ధం వంటి విషయాలపై నిర్ణయం తీసుకుంటారు. రీగన్ లైబ్రరీలో గ్రెనడా దీవిలో అమెరికా సైనిక చర్య మీద అలాంటిదే ఉంది. ఇలాంటి గది మీద పేరు రాయించుకోవడానికి దాత దొరుకుతాడు, ఐదారేళ్లకు ట్యాబ్లెట్లు, సర్వర్లు మార్చడానికి మాత్రం దొరకడు. గది విరాళం అడిగేటప్పుడే పరికరాల మార్పిడికి విడిగా ఒక నిధి అడగాలి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

అపోహ: షరతు ఎంత బిగించి రాస్తే విరాళం అంత భద్రం

ఫలానా కౌంటీలోని ఐదో తరగతి పిల్లల బస్సులకు మాత్రమే అని రాసిన నిధి, ఆ బడులు పగటి యాత్రలు మానేసిననాడు ఎవరికీ కాకుండా పోతుంది. రాబడి ఖాతాలో పోగవుతుంది, పక్కనే టీచర్ల వర్క్‌షాపు డబ్బులేక ఆగిపోతుంది. దాత బతికుంటే రాతపూర్వక సమ్మతితో షరతు సడలించవచ్చు. లేకుంటే కోర్టు దాకా వెళ్లాలి. నమూనా చట్టంలో ఒక వెసులుబాటుంది: నిధి 25,000 డాలర్లలోపు ఉండి 20 ఏళ్లు దాటితే, రాష్ట్ర అటార్నీ జనరల్‌కు నోటీసిచ్చి 60 రోజులు ఆగి, దాత ఉద్దేశానికి దగ్గరగా మార్చుకోవచ్చు. మొత్తాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి.

ఒప్పందంలో ఉద్దేశాన్ని వెడల్పుగా రాయండి, ‘బడి పిల్లల, ఉపాధ్యాయుల విద్యా కార్యక్రమాలు’ చాలు. బస్సులు మీ ఇష్టమైతే ‘వీలైతే ముందు వీటికి’ అని చేర్చండి. ఖర్చుకాని రాబడిని అసల్లో కలపాలా, మరుసటి ఏడాదికి ఉంచాలా? కార్యక్రమం ఆగిపోతే డబ్బు దేనికి మళ్లాలి? నివేదిక ఎప్పుడివ్వాలి? ఈ మూడూ లేని ఒప్పందం మీద సంతకం పెట్టవద్దు.

అపోహ: డబ్బిచ్చినవాళ్లు చెప్పిందే చరిత్ర

ఒత్తిడి ఉండదని ఎవరూ అనరు. నిక్సన్ లైబ్రరీ 1990లో ప్రైవేటు సంస్థగా తెరుచుకుంది. నిక్సన్ రాజీనామాకు దారితీసిన వాటర్‌గేట్ కుంభకోణం గురించి అక్కడి కథనం నిక్సన్ వైపు మొగ్గి ఉండేది. 2007లో నేషనల్ ఆర్కైవ్స్ చేతికొచ్చాక, ఫౌండేషన్ అభ్యంతరాల నడుమే 2011 మార్చిలో కొత్త వాటర్‌గేట్ గ్యాలరీ తెరిచారు. విషయాన్ని ఎవరు ఆమోదిస్తారన్నది రాతలో లేకపోతే ఈ పేచీ ప్రతి ప్రదర్శనకూ వస్తుంది. పాఠ్యప్రణాళికపై చివరి మాట విద్యా విభాగానిదేనని విరాళ పత్రంలో ఒక్క వాక్యం ఉంటే సగం గొడవ తీరుతుంది.

అపోహ: అన్నీ ఒకే నమూనా

కాదు. చికాగోలో ఒబామా సెంటర్‌ను నడిపేది ఆయన ఫౌండేషనే. ప్రభుత్వ పత్రాలు నేషనల్ ఆర్కైవ్స్ దగ్గర విడిగా ఉంటాయి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని లింకన్ లైబ్రరీ ఇల్లినాయ్ రాష్ట్రానిది. దానికి తోడుగా ఏర్పడిన ఫౌండేషన్ 2007లో లింకన్ వస్తువుల సేకరణను అప్పు చేసి కొని, ఏళ్ల తరబడి ఆ అప్పు కోసమే విరాళాలు అడగాల్సి వచ్చింది. మౌంట్ వెర్నన్‌లోని వాషింగ్టన్ లైబ్రరీ పూర్తిగా ప్రైవేటుది.

అపోహ: చిన్న విరాళాలకు ఇక్కడ చోటులేదు

పేరుపెట్టి ఎండోమెంట్ స్థాపించడానికి కనీస మొత్తం ఉంటుంది, నిజమే. అయితే 500 డాలర్లను ఎండోమెంట్లో వేస్తే ఏటా 20, 25 డాలర్లే వస్తాయి. ఆ మొత్తం ఈ ఏడాది బస్సుకే ఇస్తే పిల్లలు ఈ ఏడాదే వస్తారు. ఐటీ కంపెనీల్లో పనిచేసేవారు యాజమాన్యం ఇచ్చే మ్యాచింగ్ (ఉద్యోగి విరాళానికి కంపెనీ జతచేసే సొమ్ము) అడగడం మరవొద్దు. కంపెనీ మ్యాచింగ్ పోర్టల్లో మ్యూజియం పేరుకు బదులు ఫౌండేషన్ చట్టబద్ధమైన పేరు వెతకాలి. మ్యాచింగ్ సొమ్ము కూడా విద్యా కార్యక్రమాలకేనని విడిగా రాయకపోతే అది సాధారణ ఖాతాలో పడే అవకాశముంది. 250 డాలర్లు, ఆపైన ఇస్తే పన్ను మినహాయింపుకు రాతపూర్వక రసీదు తప్పనిసరి. విందు టికెట్ కొంటే భోజనం విలువ తీసేయగా మిగిలినదే విరాళం కింద లెక్కకు వస్తుంది.