యాక్సిడెంట్ చేసేదెవరో ముందే తెలుస్తుందా?

వెయ్యిమంది డ్రైవర్లున్నారనుకుందాం. అందరి నైపుణ్యం, జాగ్రత్త అచ్చంగా ఒకటే. ఏడాదికి మొత్తం వంద ప్రమాదాలు. అవి కేవలం యాదృచ్ఛికంగా జరిగినా, లెక్క ప్రకారం సుమారు 90 మందికి ఒకటి, నలుగురైదుగురికి రెండేసి వస్తాయి. ఆ నలుగురికీ ‘స్టీరింగ్ అచ్చిరాలేదు’ అని పేరు పడిపోతుంది. పాత ప్రమాదాల చిట్టా ఒక్కటే చూస్తే దురదృష్టాన్నీ దుడుకుతనాన్నీ విడదీయలేం.

అందుకే మనస్తత్వవేత్తలు అలవాట్ల గురించి అడగడం మొదలుపెట్టారు. 1990లో మాంచెస్టర్‌లో జేమ్స్ రీజన్ బృందం తయారుచేసిన 50 ప్రశ్నల పట్టిక ఇప్పటికీ చాలా దేశాల్లో వాడుకలో ఉంది. అది డ్రైవర్ల తప్పుల్ని మూడు రకాలుగా విడదీస్తుంది. ఇండికేటర్ వేయబోయి వైపర్ వేస్తే అది మరపు. అద్దంలో చూసుకోకుండా లేన్ మారితే పొరపాటు. ఎర్ర లైటు పడ్డాక తెలిసి తెలిసి దూరిపోతే ఉల్లంఘన. మరపులు నవ్వులపాలు చేస్తాయి గానీ, ప్రమాదాలతో ముడిపడేది ముఖ్యంగా మిగతా రెండే. ఆ ముడి కూడా వదులే, సహసంబంధం (రెండు విషయాల ముడి ఎంత గట్టిదో చెప్పే అంకె; సున్నా అంటే ముడే లేదు, 1 అంటే పూర్తి ముడి) 0.1 చుట్టూనే తిరుగుతుంది. పైగా ఉల్లంఘించేవాడు బాగా చెయ్యి తిరిగిన డ్రైవరే కావచ్చు.

మనిషికంటే అతని పరిస్థితి ఎక్కువ చెబుతుంది. విశాఖపట్నంలో గాజువాక నుంచి ఎన్‌ఏడీ కూడలి వైపు పోయే షేర్ ఆటోను కాసేపు గమనించండి. డ్రైవర్ చూపు ముందున్న బండి మీద కాదు, ఎడమ పక్కన నిలబడ్డవాళ్ల మీద. ఎవరైనా చెయ్యెత్తగానే ఇండికేటర్ లేకుండా ఎడమకు కట్ కొట్టి ఆపేస్తాడు. లేకపోతే వెనకాల ఆటో ఆ మనిషిని ఎక్కించుకుపోతుంది. వెనక బైకు 60లో వస్తుంటే, బ్రేకు పడేలోపు ఒకటిన్నర సెకనులోనే 25 మీటర్లు దాటేస్తుంది. అద్దె, గ్యాసు పోగా మిగిలిందే సంపాదన అయినవాడికి ‘నిదానమే ప్రధానం’ అని క్లాసు పీకి లాభం లేదు.

అక్కడికి దగ్గర్లోని పరవాడ ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులు, పోర్టు లారీల దగ్గర చిక్కంతా నిద్రలేమితోనే. 17 గంటలు మేలుకున్నవాడి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి దిగజారుతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన చట్టం పరిమితి 30 మిల్లీగ్రాములే. కానీ బ్రీత్ ఎనలైజర్‌కి నిద్రలేమి కనబడదు.

కాబట్టి బండ్ల యజమాని ప్రమాదాలను లెక్కపెడుతూ కూర్చోనక్కర్లేదు. జీపీఎస్‌లో సడన్ బ్రేకులు, మితిమీరిన వేగం, ఆ డ్రైవర్ డ్యూటీ ఎక్కి ఎన్ని గంటలైందో పక్కపక్కన రాసుకుంటే చాలు. 0.1 సహసంబంధాన్ని నమ్ముకుని ఎవర్నీ ఉద్యోగంలోంచి తీసేయలేం. డ్యూటీ చార్టు మాత్రం రేపే మార్చుకోవచ్చు.