"మ్యాప్‌లో ఉన్నాం కదా, వెబ్‌సైట్ దేనికండీ?"

వైజాగ్ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు వెంట ఉన్న లాడ్జీలకు, హోమ్‌స్టేలకు, చిన్న హోటళ్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. మొదటి రోజు నుంచీ ఒకటే పాట వింటున్నాను. "గూగుల్ మ్యాప్‌లో ఉన్నాం, ఇన్‌స్టాలో ఉన్నాం, వాట్సాప్ ఉంది. ఇంకా వెబ్‌సైట్ దేనికండీ, దండగ!" ఈ దసరా ముందు కూడా ముగ్గురు అన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

అపోహ: వెబ్‌సైట్ పెట్టకపోతే పోయేదేమీ లేదు.

వాస్తవం: మీరు పెట్టకపోతే మీ పేరుతో ఇంకొకడు పెడతాడు.

భీమిలిలో పది గదుల లాడ్జీ నడిపే పెద్దాయన ఒకరున్నారు. నేను బాబాయ్ అని పిలుస్తాను. రెండేళ్ల కిందట పూజా సెలవుల్లో తెల్లారకుండానే ఫోన్ చేశారు. "బాబూ, కలకత్తా నుంచి ఆరుగురు దిగారు. డబ్బులు కట్టేశామంటున్నారు. నాకు పైసా రాలేదు. ఓసారి రా." నేను వెళ్లేసరికి రిసెప్షన్ బల్ల పక్కన ఒక ముసలావిడ సూట్‌కేసు మీదే కూర్చుని ఉంది. ఆవిడ కొడుకు ఫోన్‌లో సైట్ తెరిచి చూపించాడు. లాడ్జీ పేరు, అడ్రసు, ముందు వైపు ఫొటో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫొటోలో బాబాయ్ స్కూటర్ కూడా ఉంది! ఎవరో కస్టమర్ మ్యాప్‌లో పెట్టిన ఫొటోనే తెచ్చి అతికించారు. ఫోన్ నంబర్ ఒక్కటే వేరు. మూడు రాత్రుల డబ్బు మొత్తం ముందే లాగేశారు.

ఆ కలకత్తా వాళ్లను ఏమనగలం? గూగుల్‌లో లాడ్జీ పేరు కొట్టారు, ఒక సైట్ వచ్చింది, నమ్మారు. పోల్చి చూసుకుందామంటే అసలుది లేదు. గదులన్నీ నిండిపోవడంతో బాబాయ్ తన ఇంటి మేడ మీద గది ఖాళీ చేసి ఇచ్చారు. అయినా 'చీటింగ్ లాడ్జ్' అన్న రివ్యూ ఆయన ఖాతాలోనే పడింది.

ఇది భీమిలి గొడవ ఒక్కటే కాదు. పర్యాటకులకు, యాత్రికులకు వల వేస్తున్న నకిలీ బుకింగ్ సైట్ల గురించి కేంద్ర హోంశాఖ పరిధిలో సైబర్ నేరాలు చూసే ఐ4సీ 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్ల నుంచి హోటల్ గదుల దాకా అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి.

సొంత సైట్ ఉంటే దొంగ సైట్ రాదని నేను చెప్పను. వస్తుంది. కానీ చూసేవాడికి రెండు కనిపిస్తే కాస్త ఆగుతాడు, అనుమానం వస్తుంది. అందుకే నేను చేసే ప్రతి సైట్‌లో మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఒక మాట పెడతాను: అడ్వాన్సు ఈ నంబరుకే పంపండి, యూపీఐలో ఫలానా పేరే కనిపించాలి, వేరే పేరొస్తే కట్టకండి. మ్యాప్‌లోని మీ ప్రొఫైల్ నుంచి ఆ సైట్‌కే లింకు ఉండాలి. అన్నట్టు, మ్యాప్‌లో మీ ఫోన్ నంబర్ మార్చమని దారిన పోయేవాడెవడైనా సూచన పంపొచ్చు. వారానికోసారి తెరిచి చూసుకోండి. ఎవరైనా మోసపోయి మీ దగ్గరికొస్తే వాళ్లతో వాదన పెట్టుకోకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

"గూగుల్ వాళ్లు ఫ్రీగా ఇచ్చే సైట్ ఉంది కదా" అనేవాళ్లు ఇప్పటికీ తగులుతున్నారు. బిజినెస్ ప్రొఫైల్‌తో వచ్చే ఆ సైట్లను గూగుల్ 2024 మార్చిలో మూసేసింది. ఆ అడ్రసు విజిటింగ్ కార్డుల మీద అచ్చేయించుకున్నవాళ్లు ఆ కార్డుల వెనకాల చాకలి పద్దులు రాసుకుంటున్నారు.

మిగతా అపోహలు గబగబా.

సైట్ పెడితే జీఎస్టీ వాళ్లు వచ్చి పడతారట. ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ! జీఎస్టీ టర్నోవర్‌ని బట్టి వస్తుంది, సైట్‌ని బట్టి కాదు.

లక్షలవుతాయా? పది గదులకు ఐదు పేజీలు చాలు. డొమైన్, అంటే మీ సైట్ అడ్రసు పేరు, ఏడాదికి వెయ్యి రూపాయలు, కాస్త అటూ ఇటూ. సైట్ అడ్రసు పక్కన కనిపించే తాళం గుర్తుకు (సైట్ భద్రతా సర్టిఫికెట్‌కు) డబ్బులడిగితే ఉచితంగా కూడా దొరుకుతుందని చెప్పండి.

మీ సైట్ గూగుల్ మొదటి పేజీలో వస్తుందని గ్యారంటీ ఇచ్చేవాడికి టీ ఇచ్చి పంపేయండి.

బుకింగ్ యాప్‌లు మానేయమని నేననను. కానీ 2,000 రూపాయల గదికి 20 శాతం కమీషన్ అంటే 400. మొదటిసారి యాప్‌లో వచ్చిన కుటుంబం రెండోసారి కూడా యాప్‌లోనే వస్తే ఆ 400 మీరు కావాలని ఇస్తున్నట్టే.

ఫొటోలు బాగుంటే చాలా? తొట్లకొండ దిగి కారులో వస్తూ, ఉన్న కొద్దిపాటి సిగ్నల్‌తో గది వెతికేవాడికి మీ ఆరు ఎంబీల ఫొటో సగం కూడా తెరుచుకోదు. పైగా వాడికి కావలసింది వేరు: వేడినీళ్లు ఏ టైముకి, కారు ఎక్కడ పెట్టాలి, రాత్రి పదింటికి భోజనం దొరుకుతుందా, అమ్మమ్మ మెట్లెక్కలేదు కింద గది ఉందా. రోజూ ఫోన్‌లో చెప్పిందే చెప్పి గొంతు పోగొట్టుకునే బదులు అవే రాసిపెట్టండి. 'సీ వ్యూ' అని రాసి కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూపిస్తే మాత్రం ఏ వెబ్‌సైటూ కాపాడలేదు.

చివరగా డొమైన్ ఎవరి పేరున ఉంది? చాలామంది "మా అబ్బాయి ఫ్రెండ్ చూసుకుంటాడు" అంటారు. ఒకాయనకు అలా చూసుకున్న కుర్రాడు దుబాయ్ వెళ్లిపోయాడు. రెన్యువల్ మెయిళ్లన్నీ కుర్రాడికే వెళ్లేవి. గడువు దాటిన డొమైన్‌ను ఇంకెవరో కొనేశారు. మీ పేరు, మీ మెయిల్, మీ ఫోన్ పెట్టించుకోండి.

బాబాయ్ డొమైన్ ఇప్పుడు ఆయన పేరునే ఉంది. రిసెప్షన్ గోడ మీది క్యాలెండర్‌లో రెన్యువల్ తేదీకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, కింద "వెబ్‌సైట్ కరెంటు బిల్లు" అని రాసుకున్నారు.