మురుగు కాలవ మరిచిపోతే ఎముక దక్కదు

ఆదివారం మటన్ కొట్లో మూలుగ ఎముక అడిగి మరీ వేయించుకుంటాం. అయినా ఎముకంటే ఎండుకట్టె అనే అనుకుంటాం. నిజానికి అందులో రోజంతా రక్తం పారుతూనే ఉంటుంది.

పంచె ముడి దగ్గర పక్కకు నొక్కితే గట్టిగా తగిలేది తుంటి ఎముక అంచు. ఒంట్లో ఎక్కడైనా ఎముక పోతే, ఆ ఖాళీలో అతుకు వేయడానికి సర్జన్లు తరచూ ఎముక తీసుకునేది ఇక్కడే. చిన్న ముక్కయితే తీసి పెట్టేస్తే చాలు. అందులోని కణాలు చాలావరకు చచ్చిపోతాయి, కానీ చుట్టుపక్కల నుంచి రక్తనాళాలు పాకివచ్చి మెల్లగా కొత్త ఎముక కట్టుకుంటుంది. ఖాళీ 6 సెంటీమీటర్లు దాటినా, అక్కడ రేడియేషన్ పడి ఉన్నా ఇది కుదరడం కష్టం. గుట్కా, ఖైనీ నమిలి క్యాన్సర్‌తో సగం దవడ పోగొట్టుకున్నవాళ్ల సమస్య ఇదే.

అలాంటప్పుడు ఎముకను దాని రక్తనాళాలతో సహా తీస్తారు. 1979లో ఆస్ట్రేలియా సర్జన్ ఇయాన్ టేలర్ బృందం దీనికి సరైన పాయ ఏదో చూపించింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నుంచి కాలవ చీలినట్టే, గజ్జల దగ్గర పెద్ద ధమని నుంచి చీలి తుంటి అంచు లోపలి వైపుగా పోయే పాయ అది. మందం 2, 3 మిల్లీమీటర్లు, కొత్తిమీర కాడంత. దవడకైతే దాన్ని మెడలోని ధమనికి మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు.

నీళ్లు పెడితే సరిపోదని బెజవాడ చుట్టుపక్కల రైతులకు వేరే చెప్పాలా? మురుగు కాలవ పూడితే మడి కుళ్లిపోతుంది. ఇక్కడ ఆ కాలవ సిర, అంటే రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే నాళం. దాన్నీ మెడలోని సిరకు కలపాలి. నిజానికి ధమని కన్నా సిరలోనే రక్తం గడ్డకట్టడం ఎక్కువ. అందుకే మొదటి రెండు మూడు రోజులు టెన్షన్. ఎముకతో పాటు కొంత చర్మం తెస్తే అదే కిటికీ: పాలిపోతే ధమని మీద, నీలంగా ఉబ్బితే సిర మీద అనుమానం. అర్ధరాత్రయినా మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కే.

రక్తం పారడం ఆగకపోతే ఆ ఎముక మామూలుగా విరిగిన ఎముకలాగే అతుక్కుంటుంది. తుంటి అంచుకు దవడలాంటి వంపు, పళ్ల ఇంప్లాంట్లు పట్టేంత మందం రెండూ ఉన్నాయి. అయినా దవడకు ఇప్పుడు కాలి పిక్క పక్కనుండే సన్న ఎముకనే ఎక్కువ వాడుతున్నారు. తుంటి దగ్గర తీస్తే కొన్నాళ్లు కుంటాలి, తొడ పక్కన తిమ్మిరి మిగలొచ్చు, కడుపు కండరాలు సడలితే హెర్నియా రావచ్చు.