రాతి భవనం వెనక కొలిమి: అపోహలు - వాస్తవాలు

మాది కమ్మరి పని. లండన్ పార్లమెంటు భవనం ఫొటో చూస్తే అందరి కళ్లూ రాతి చెక్కడాల మీదే ఉంటాయి. నాకు మాత్రం ఆ ఉలులు ఎవరు సరిచేశారా అనిపిస్తుంది.

అపోహ: పెద్ద భవనంలో కమ్మరి పనంటే గేట్లు, నగిషీలు.

వాస్తవం: 19వ శతాబ్దంలో రాతి కట్టడం దగ్గర కమ్మరికి నిత్యం ఉండే పని ఉలులకు పదును పెట్టడం. మొద్దుబారినవి వస్తూనే ఉంటాయి. 1834లో లండన్ పార్లమెంటు పాత భవనం కాలిపోయాక, 1840లో కొత్తదానికి పునాది రాయి వేశారు. మరుసటి ఏడాదే మేస్త్రీ పెత్తనం భరించలేక రాతిపనివాళ్లు సమ్మెకు దిగారు. ఉలులు రాకపోతే కొలిమికి పనేముంటుంది?

అపోహ: ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే పదును వచ్చినట్టే.

వాస్తవం: అలా వదిలేస్తే ఉలి గాజులా పెళుసవుతుంది. పని నేర్చుకునే రోజుల్లో నేనిచ్చిన ఉలి మొదటి దెబ్బకే విరిగి, ముక్క రాతిపనాయన చెవి పక్కనుంచి దూసుకుపోయింది. ఆయన ఏమీ అనలేదు, విరిగిన ఉలి తెచ్చి దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మ) మీద పెట్టి వెళ్లాడు. అసలు పద్ధతి ఏంటంటే, మొన మాత్రమే ముంచాలి. తీసి గబగబా రాయితో రుద్దితే మెరుపు వస్తుంది. వెనకున్న వేడి మొనవైపు పాకుతుంటే రంగులు మారతాయి: ఎండుగడ్డి రంగు, గోధుమ, వంకాయ రంగు, నీలం. వంకాయ రంగు తొంగిచూడగానే నేను మళ్లీ నీళ్లలో పెట్టేస్తాను. కాలిన ఇనుము రంగు ఎండలో సరిగ్గా తెలియదు, అందుకే కొలిమి నీడలో ఉంటుంది.

అపోహ: కండబలం ఉన్నవాడే కమ్మరి.

వాస్తవం: సమ్మెట వేసేది సహాయకుడు. కమ్మరి చిన్న సుత్తితో చోటు చూపిస్తాడు.

అపోహ: భవనంలోని ఇనుమంతా కొలిమిలో చేసిందే.

వాస్తవం: మళ్లీ అగ్నిప్రమాదం జరుగుతుందనే భయంతో పార్లమెంటు పైకప్పులకు పోత ఇనుము (కరిగించి అచ్చులో పోసిన ఇనుము) పలకలు వేశారు. అవి పోతపోసే కార్ఖానాలో తయారయ్యేవి. పోత ఇనుమును కాల్చి సమ్మెటతో కొడితే సాగదు, ముక్కలవుతుంది.

అపోహ: రాళ్లను కలిపి పట్టే ఇనుప కొక్కేలు ఎప్పటికీ ఉంటాయి.

వాస్తవం: తుప్పు పడితే ఇనుము ఉబ్బి రాయినే చీలుస్తుంది. గ్రీసులోని ఏథెన్స్‌లో ఉన్న పాత గుడి పార్థెనాన్‌లో, తుప్పు పట్టకుండా ప్రాచీనులు కొక్కేల చుట్టూ సీసం పోశారు. 1900 ప్రాంతంలో మరమ్మతు చేసినవాళ్లు ఆ జాగ్రత్త తీసుకోలేదు, పాలరాయి పగిలింది. ఇప్పుడు ఆ ఇనుప కొక్కేలు తీసి, తుప్పు పట్టని టైటానియం లోహంవి పెడుతున్నారు. పాత గుడి గోడకు ఇనుప కొక్కేలు కావాలని నా దగ్గరికి వస్తే, స్టెయిన్‌లెస్ స్టీలువి కొనుక్కోమని పంపేస్తాను. బేరం పోయినా సరే.